మాజీ సైనికుల ఆసుపత్రిలో ఏది మేలు: పొగ గదా, పూర్తి నిషేధమా?

అమెరికా సైన్యం ఒకప్పుడు తిండి పొట్లంలోనే సిగరెట్లు పెట్టి ఇచ్చేది. 1975లో గాని ఆపలేదు. అలవాటు చేసినవాళ్లే ఇప్పుడు వద్దంటే ముసలి సైనికుడికి ఒళ్లు మండదా మరి! అక్కడి వెటరన్స్ అఫైర్స్ (మాజీ సైనికుల శాఖ) ఆసుపత్రుల్లో రెండు పద్ధతులూ నడిచాయి. రోగులు పొగ తాగడానికి గాలి బయటికి పోయే గదో, వేడి, ఏసీ ఉన్న విడి కట్టడమో ఉండాలని 1992 చట్టం చెప్పింది. 2019 అక్టోబరు 1 నుంచి రోగులకు, వచ్చిపోయేవారికి ఆవరణంతా నిషేధం. ఈ-సిగరెట్ కూడా కుదరదు.

గది ఉంటే ఎవరు ఎక్కడ ముట్టిస్తున్నారో కంటికి కనిపిస్తుంది. అంతవరకు మంచిదే. కానీ ఎన్ని ఫ్యాన్లు బిగించినా పక్కవాళ్లకు పొగ పూర్తిగా తప్పదు. పైగా మానేద్దామనుకున్నవాడిని కూడా ఆ గది రోజూ పిలుస్తుంటుంది.

నిషేధమే మేలు. అయితే పొగ మాన్పించే మందు ఇవ్వని నిషేధం పొగను బాత్రూంలోకి తోస్తుంది. అసలు ప్రమాదం అక్కడే. ఆక్సిజన్ పెట్టుకున్న రోగికి దాన్ని ఆపేశాక కూడా అది కాసేపు చొక్కాలో, దుప్పటిలో, గడ్డంలో నిలిచి ఉంటుంది. అగ్గిపుల్ల గీస్తే ముక్కు దగ్గరి గొట్టంతో సహా భగ్గుమంటుంది.

అందుకే వార్డులో చేర్చుకున్న గంటలోనే చర్మం మీద అంటించే నికోటిన్ పట్టీ వెయ్యాలి. రోజుకు పది సిగరెట్లు దాటితే 21 మి.గ్రా. పట్టీ ఆరు వారాలు, ఆపై 14, 7 మి.గ్రా. రెండేసి వారాలు. రోమాలు లేని చోట, రోజుకో చోట అంటించాలి. యుద్ధం తాలూకు పీడకలలు ఉన్నవారికి రాత్రి పట్టీ వల్ల అవి ఎక్కువైతే, పడుకునే ముందు తీసేయాలి. పట్టీ మందు నిదానంగా ఎక్కుతుంది కాబట్టి ఉన్నట్టుండి పుట్టే యావకు నమిలే నికోటిన్ గమ్ కూడా ఉండాలి. లేచిన అరగంటలోపే ముట్టించేవారికైతే 4 మి.గ్రా.ది. మెల్లగా నమిలి, ఘాటు తగలగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. గబగబా నమిలి మింగితే ఎక్కిళ్లు, కడుపులో మంట. కాఫీ తాగితే పావుగంట ఆగాలి, లేదంటే నోట్లో నికోటిన్ ఎక్కదు.

మానసిక వార్డులో చాలామంది మరిచిపోయేది స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ మందు సంగతి. పొగ ఆ మందును కాలేయంలో త్వరగా కరిగించేస్తుంది. పొగ ఆగితే అదే మోతాదుకు రక్తంలో మందు పెరిగి మత్తు, మూర్ఛ రావచ్చు. ఇది పొగలోని తారు పని, నికోటిన్‌ది కాదు. కాబట్టి పట్టీ వేసినా ఈ పెరుగుదల ఆగదు, రక్తపరీక్ష చేసి మోతాదు తగ్గించాల్సిందే.

ఏళ్ల తరబడి అక్కడే ఉండే వృద్ధుల వార్డు దగ్గర మాత్రం మనసు కొంచెం ఆగుతుంది. అది వాళ్లకు ఇల్లు కదా.

మన దేశంలో మాజీ సైనికుల ఆరోగ్య పథకమైన ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్కుల్లో ఈ మీమాంసే లేదు. బహిరంగ స్థలాల్లో పొగను నిషేధించే 2008 నిబంధనల్లో పొగ గది వెసులుబాటు కనీసం ముప్పై గదుల హోటల్, కనీసం ముప్పై సీట్ల రెస్టారెంట్, విమానాశ్రయాలకే గాని ఆసుపత్రికి లేదు. పొగ తాగరాదనే బోర్డు, రెండు వందల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి సరే, ఆ బోర్డు పక్కనే పట్టీలు, గమ్ ఎక్కడిస్తారో కూడా రాసిపెట్టాలి.