లిన్ ఎల్‌పీ12, టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200జీ: మన ఇంటికి ఏది మేలు?

లక్షలు పెట్టి రికార్డు ప్లేయర్ కొందామని కూర్చున్నవాళ్లలో చాలామంది ఈ రెండు పేర్ల దగ్గర ఆగిపోతారు. రెండు వంశాలూ 1970ల మొదట్లో పుట్టినవే. లిన్‌ది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో. బెల్టు లాగితే తిరిగే ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం), దాన్నీ, ముల్లును పట్టుకునే టోన్ ఆర్మ్‌నూ మోసే మూడు స్ప్రింగులు. టెక్నిక్స్‌ది జపాన్. మోటారే ప్లాటర్‌ను నేరుగా తిప్పుతుంది. 2010లో ఆపేసిన 1200 వరుసను 2016లో మళ్లీ తెచ్చారు.

పాట సంగతి ముందు చెప్తాను. గొంతులోని వెచ్చదనం, మృదంగం నడక లిన్‌లో వింటే లేవబుద్ధి కాదు. నాదస్వరంలో కార్వై, అంటే ఒకే స్వరాన్ని పట్టి నిలపడం, సాగుతున్నప్పుడు శ్రుతి కదలకుండా నిలబెట్టడంలో మాత్రం టెక్నిక్స్‌దే పైచేయి. మంచి కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే చిన్న భాగం) పెడితే ఈ తేడా ఇంకా చిన్నదైపోతుంది.

అసలు తేడా రోజూ వాడుకలో ఉంది. లిన్ స్ప్రింగులు ఒరగకుండా నిట్టనిలువుగా ఊగాలి. కార్ట్రిడ్జ్ మార్చి బరువు మారినా, ఇల్లు మారినా మళ్లీ సరిచూడాలి. అది చేయి తిరిగినవాళ్ల పని. అలాంటి మనిషి మీ ఊళ్లో ఉన్నాడా లేడా అన్నది కొనకముందే తేల్చుకోండి. చెక్క నేల ఉన్న ఇళ్లలో అడుగు వేస్తే ముల్లు గెంతుతుంది, మన శ్లాబు ఇళ్లలో ఆ బెడద తక్కువ. ఇంకో గొప్ప గుణం, దశాబ్దాల కిందట కొన్న లిన్‌కు కూడా 2020లో వచ్చిన కారౌసెల్ బేరింగ్ (ప్లాటర్ తిరిగే ఆధారం) బిగించుకోవచ్చు. కొన్నవాళ్లను ఇంతకాలం కనిపెట్టుకుని ఉన్న యంత్రం మీద గౌరవం కలగదా?

అమెరికా నుంచి పాత లిన్ తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. కరెంటుతో నేరుగా నడిచే పాత మోటారు అక్కడి 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఊపుల) కరెంటుకు తయారైంది. ఇక్కడి 50 మీద పెడితే పాట ఆరో వంతు నెమ్మదిస్తుంది. టెక్నిక్స్ వేగాన్ని గడియారాల్లో ఉండే లాంటి క్వార్ట్జ్ స్ఫటికం చూసుకుంటుంది కాబట్టి వోల్టేజీ ఒక్కటి సరిపోతే చాలు.

నా మనసు టెక్నిక్స్ వైపు మొగ్గడానికి కారణం తాతల నాటి ట్రంకు పెట్టెలు. మన ఇళ్లలో నిమిషానికి 33 చుట్లు తిరిగే ఎల్‌పీలే కాదు, 45 సినిమా పాటల రికార్డులు, 78 గ్రామఫోన్ ప్లేట్లు కూడా ఉంటాయి. 1200జీ మూడు వేగాల్లోనూ తిరుగుతుంది, లిన్‌లో 78 లేదు. పైగా 78 గాడి వెడల్పు. ఎల్‌పీ ముల్లు పెడితే అడుగుకు దిగి గరగరమంటుంది. టెక్నిక్స్‌లో హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే తల) ఊడదీసి, లావు ముల్లున్న ఇంకోటి తగిలించి, ముల్లు రికార్డు మీద మోపే బరువు సరిచూసుకుంటే పని అయిపోతుంది. ప్లేయర్ బరువు మాత్రం దాదాపు 18 కిలోలు, గట్టి బల్ల కావాలి.

సరిచేసేవాళ్లు దగ్గర్లో ఉండి, వినేవన్నీ ఎల్‌పీలే అయితే లిన్ తీసుకోండి. నేనైతే టెక్నిక్స్ కొని, రెండో హెడ్‌షెల్‌తో పాటు రికార్డులు కడిగే మిషను కూడా అదే రోజు తెచ్చుకుంటాను.