అక్రా కొటోకా విమానాశ్రయం: సదుపాయం బాగుంది, పేరు వెనక కథ తెలుసుకుని దిగండి

ఘనా వెళ్లేవాళ్లు దిగేది టెర్మినల్ 3లో. 2018లో తెరిచారు, ఏడాదికి 50 లక్షల మందికి సరిపోయేలా కట్టారు. విశాలంగా ఉంది, ఫర్వాలేదు. దేశంలోపలి కుమాసీ, తమాలే నగరాలకు వెళ్లే విమానాలు మాత్రం వేరే టెర్మినల్ నుంచి. సామాను తీసుకుని అక్కడికి మారాలి, మధ్యలో టైం ఉంచుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే ఇక్కడే చిక్కు. టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కార్డు పారేయొద్దు, తిరిగొచ్చేటప్పుడు మన దగ్గరా అడుగుతారు. లేదంటే 6 రోజుల దాకా క్వారంటైన్.

ఇక పేరు. 1966 ఫిబ్రవరి 24న ఘనా తొలి అధ్యక్షుడు ఎన్‌క్రుమాను గద్దె దించిన సైనికాధికారుల్లో ముఖ్యుడు ఇమ్మాన్యుయేల్ కొటోకా. 1967 ఏప్రిల్ 17న ఆ సైనిక ప్రభుత్వం మీదే తిరగబడి హో పట్టణం నుంచి బయల్దేరిన దళం అక్రా రేడియో స్టేషన్‌ను పట్టుకుంది. నాయకుడు లెఫ్టినెంట్ ఆర్థర్. అతని జట్టులోని లెఫ్టినెంట్ యెబోవా, కొటోకాను పట్టి, ఈ విమానాశ్రయం దగ్గరికి తెచ్చి కాల్చి చంపాడు. తిరుగుబాటు మాత్రం గంటల్లోనే చల్లారింది. కుట్రతో వచ్చినవాడిని కుట్రే మింగింది. 1969లో విమానాశ్రయానికి కొటోకా పేరు పెట్టారు. దానిమీద ఘనాలో చాలాకాలంగా వాదన ఉంది. ట్యాక్సీలో ఆ మాటెత్తే ముందు కాస్త ఆగండి.