తెంతులియా: బంగ్లాదేశ్ పిలక మీద రెండు రాత్రులు

మనం కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా అన్నట్టు, బంగ్లాదేశ్ వాళ్లు టెక్నాఫ్ నుంచి తెంతులియా దాకా అంటారు. టెక్నాఫ్ దక్షిణపు కొస, తెంతులియా ఉత్తరపు కొస. 2019 నవంబరులో డార్జిలింగ్ చూసి సిలిగురికి దిగాక ఆ కొస మాకు పక్క వీధిలా కనిపించింది. కోల్‌కతాలో ముందే వీసా తీసుకుని ఉన్నాం కాబట్టి మా ఆవిడ, మా బావమరిది, నేను సరిహద్దులోని ఫుల్‌బారి చెక్‌పోస్టు దాటాం. అవతల బంగ్లాబంధ. ఇప్పుడు వెళ్లేవాళ్లు వీసాల సంగతి, గేటు సంగతి కనుక్కునే బయల్దేరండి.

మ్యాపులో చూస్తే ఇది ఆ దేశం తల మీద పిలక. పంచగఢ్ జిల్లాలో ఒక ఉపజిల్లా, అంటే మన మండలం లాంటిది. దాదాపు 189 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో లక్షా పాతిక వేల జనం. మూడు వైపులా మన దేశమే. 1947 దాకా ఇది జల్పాయ్‌గురి జిల్లాలో ఒక ఠాణా. దేశ విభజనప్పటి సరిహద్దు, రాడ్‌క్లిఫ్ గీతతో తూర్పు పాకిస్తాన్‌కి పోయింది. గీత పడినా యాస మాత్రం అటూ ఇటూ ఒకటే. 1817లో ఈస్టిండియా కంపెనీ సిక్కిం రాజుతో సంధి రాసుకున్నది కూడా ఈ ఊళ్లోనే. అప్పట్లో దీన్ని తితాలియా అని రాసేవారు.

సరిహద్దు మీది బంగ్లాబంధ జీరో పాయింట్ గురించి చాలా విని వెళ్లాం. నిజం చెప్పాలంటే పది నిమిషాల పని. ఒక గుర్తు, ఫొటోలకి గుమిగూడిన జనం, వరసకట్టిన రాళ్ల లారీలు, నోట్లోకి దుమ్ము. ఢాకా నుంచి రాత్రంతా రైల్లో వచ్చి అక్కడ నిలబడినవాళ్ల ముఖాల్లో సంబరం వేరు. మేం గేటు అవతలి నుంచే వచ్చినవాళ్లం, మాకేం ఉంటుంది!

బస తెంతులియా బజారులో. గది అప్పట్లో 800 టాకాలు, దుప్పటి పలచన, వేణ్నీళ్లు బకెట్‌తో అడిగి తెచ్చుకోవాలి. 2018 జనవరిలో ఇక్కడ 2.6 డిగ్రీలు నమోదైంది, ఆ దేశపు రికార్డు. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు రగ్గు మోసుకెళ్లడం మంచిది. అద్దెకు తగ్గ గదే, తిట్టను. నది ఒడ్డున డాక్‌బంగ్లా ఉంది. దొరికితే అదే తీసుకోండి. సాయంత్రం దాని అరుగు మీద కూర్చుంటే అవతలి ఒడ్డున సరిహద్దు కంచె దీపాలు బారుగా వెలుగుతాయి.

మాది చిత్తూరు అంటే లాడ్జి ఆయనకి అర్థం కాలేదు. వెల్లూరు పక్కన అన్నాను. లేచి కుర్చీ వేశాడు. తల్లిని వైద్యానికి వెల్లూరు తీసుకెళ్లినప్పుడు, ఆ ఊరికి దిగే కాట్పాడి స్టేషన్లో దిగాడట. ఆ రాత్రి భోజనం వాళ్లింటి నుంచే వచ్చింది. అన్నం, పప్పు, నది చేప, ఆలూ భర్తా. ఆలుగడ్డ మెదిపి పచ్చి ఆవనూనె, ఉల్లిపాయ, ఎండుమిర్చి కలిపితే అదే భర్తా, మన రోటి పచ్చడికి మేనత్త కూతురు. బెంగాలీలో తెంతుల్ అంటే చింత. చింత పేరున్న ఊళ్లో రెండు రోజులు తిన్నా నాలిక్కి చింతపులుపు తగల్లేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

హిమాలయాల మంచుకొండ కాంచన్‌జంగా కోసం ఐదింటికి అలారం పెట్టుకున్నాం. రాత్రి ఫోను మన దేశపు టవర్ పట్టుకుని గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పేసింది. ఆటో అతను చలిలో అరగంట కాచుకున్నాడు, ఒక్క మాట అనలేదు. ఆ పొద్దు మబ్బు. కొండ కనపడలేదు.

కొండ లేకపోతేనేం, అదే పొద్దున మహానందను చూశాం. అటు ఒడ్డు భారత్, ఇటు ఒడ్డు బంగ్లాదేశ్. ఆ చన్నీళ్లలో మెడలోతున దిగిన మనుషులు. ఇనుప చువ్వతో అడుగు పొడిచి, రాయి తగిలితే మునిగి తీస్తారు. గాలి నింపిన లారీ ట్యూబు మీద ఎత్తి ఒడ్డుకి తోసుకొస్తారు. ఒడ్డున ఆడవాళ్లు జల్లెడ పట్టి సైజుల వారీగా కుప్పలు పోస్తారు. హిమాలయం నుంచి వరద దొర్లించుకొచ్చిన రాయే ఇక్కడ బతుకుతెరువు. ఒక ముసలాయన మా వైపు చూసి నీళ్లలోంచే సలాం చెప్పాడు. మా బావమరిది ఫోను జేబులో పెట్టేశాడు.

మధ్యాహ్నం తేయాకు తోటలు. మున్నార్, డార్జిలింగ్ చూసిన కళ్లకి విచిత్రం, వాలే లేదు. మా వైపు వేరుశెనగ చేను పరిచినట్టు చదునుగా తేయాకు. 2000లో మొదలైన సాగట. పెద్ద ఎస్టేటు లోపలికి అనుమతి లేకుండా పంపరు. రోడ్డు పక్క చిన్న రైతుల తోటలే నయం, పిలిచి చూపిస్తారు. ఆకు ధర గిట్టడం లేదని ఒకాయన మొదలుపెట్టాడు. ఆటో అతను అనువదిస్తూ అనువదిస్తూ తానే రైతు పక్షాన వాదనకి దిగాడు.

రెండో పొద్దున ఆటో అతనే వచ్చి తలుపు కొట్టాడు. తన గడియారం చూపించి నవ్వాడు. డాక్‌బంగ్లా దగ్గరికి వెళ్లేసరికి ఉత్తరాన కొండ ముందు బూడిద రంగులో, తర్వాత గులాబీగా తేలింది. ఇరవై నిమిషాలు. కింద రాళ్లవాళ్లు అప్పటికే నీళ్లలో ఉన్నారు, కొండకి వీపు పెట్టి.