డబ్బు కట్టే యాంటీవైరస్ మానేసి డిఫెండర్‌తో ఇన్నేళ్లు గడిపాక

చాలా ఏళ్లు ప్రతి ఏడాదీ డబ్బు కట్టి ఒక యాంటీవైరస్ వాడాను. తర్వాత అది తీసేసి, విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ మీదే ఇంటి కంప్యూటర్లు నడుపుతున్నాను. రెండూ వాడి చూశాక చెబుతున్నాను: మామూలు ఇంటి వాడకానికి యాంటీవైరస్ కొనక్కర్లేదు. అలాగని డిఫెండర్‌ని దాని మానాన వదిలేయకూడదు. మనం చూసి ఆన్ చేసుకోవాల్సినవి అందులో కొన్ని ఉన్నాయి.

ఒకప్పుడు కొనడంలో అర్థం ఉండేది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో సిస్టంలో సొంత యాంటీవైరస్ లేదు. పెన్‌డ్రైవ్ పెడితే చాలు, ఆటోరన్ (అందులోని ప్రోగ్రాం దానంతటదే నడిచే సదుపాయం) ద్వారా వైరస్ ఎక్కేసేది. 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ ఉచితంగా వచ్చింది కానీ, దాన్ని విడిగా దించుకోవాలి. 2012లో విండోస్ 8తో డిఫెండర్ పూర్తి స్థాయి యాంటీవైరస్‌గా సిస్టంలోనే చేరింది. మొదట్లో ల్యాబ్ పరీక్షల్లో వెనకబడిన మాట నిజమే. ఇప్పుడా పరిస్థితి లేదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ రక్షణకు 6, వేగానికి 6, వాడుక సౌలభ్యానికి 6 చొప్పున మొత్తం 18 మార్కులు వేస్తుంది. డిఫెండర్‌కి 18కి 18 వచ్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

నేను కొన్న యాంటీవైరస్ పని చేయలేదని అనను, వైరస్‌లను బాగానే పట్టేది. నన్ను విసిగించింది దానితో పాటు వచ్చిన హంగామా. వీపీఎన్ కొనమని ఒక పాపప్, 'మీ కంప్యూటర్ నెమ్మదించింది, శుభ్రం చేయమంటారా' అని ఇంకొకటి, బ్రౌజర్‌లో అడగని ఎక్స్‌టెన్షన్. మొదటి ఏడాది డిస్కౌంట్ ధర, రెండో ఏడాది ఆటో రెన్యువల్‌లో పూర్తి ధర. చివరికి అన్‌ఇన్‌స్టాల్ చేసినా ముక్కలు మిగిలిపోయాయి. వాటిని తుడవడానికి ఆ కంపెనీవాళ్లే ఇచ్చే రిమూవల్ టూల్ వేరుగా నడపాల్సి వచ్చింది.

ఇక్కడ నమ్మకం సంగతి కూడా ఆలోచించాలి. యాంటీవైరస్‌కి మన ప్రతి ఫైలూ కనిపిస్తుంది, చాలావాటికి మనం చూసే ప్రతి సైటూ తెలుస్తుంది. అవాస్ట్ సంస్థ వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలను తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా అమ్మిందన్న కేసులో, 1.65 కోట్ల డాలర్లు చెల్లించాలని 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది. కాపలాకి పెట్టుకున్నదే మన విషయాలు బయట అమ్మితే ఇంక చెప్పేదేముంది? అందుకే ఇంట్లోకి మరో కంపెనీని తెచ్చుకునే ముందు గట్టిగా ఆలోచించమంటాను.

డిఫెండర్‌లోనూ లోపాలున్నాయి. పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్లలో ఫుల్ స్కాన్ చాలాసేపు పడుతుంది. వేలకొద్దీ చిన్న ఫైళ్లు కాపీ చేసేటప్పుడు వేగం తగ్గుతుంది. కొత్త వైరస్‌లను గుర్తించడానికి క్లౌడ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ సర్వర్లు) మీద బాగా ఆధారపడుతుంది కాబట్టి నెట్ లేనప్పుడు దాని బలం కొంత తగ్గుతుంది.

ఇక ఆన్ చేసుకోవాల్సినవి. విండోస్ సెక్యూరిటీ యాప్‌లో రాన్సమ్‌వేర్ (మన ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రొటెక్షన్ కింద 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అని ఉంటుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే నమ్మకం లేని ప్రోగ్రాములు మన డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లలో మార్పులు చేయలేవు. కొన్ని గేములు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు సేవ్ కాకుండా ఆగిపోవచ్చు. వాటికి ఒకసారి అనుమతి ఇస్తే సరి. ఈ చిన్న ఇబ్బంది పడటం నిజంగా విలువైనదే. అలాగే 'రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్'లో అనవసర యాప్‌లను ఆపే సెట్టింగ్, దాంతోపాటు డిఫెండర్ సెట్టింగులను వేరే ప్రోగ్రాములు మార్చకుండా ఆపే టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఫైల్ పేరు చివరి ఎక్స్‌టెన్షన్ (.pdf, .exe లాంటివి) కనిపించేలా పెట్టుకుంటే, పీడీఎఫ్ వేషంలో వచ్చే ఈఎక్స్ఈ (ప్రోగ్రాం) ఫైల్ దొరికిపోతుంది. మొండి వైరస్ అని అనుమానం వస్తే ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. అది కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లోడ్ కాకముందే వెతుకుతుంది.

ఇంత చేసినా ఆగనివి కొన్నున్నాయి, కొన్న యాంటీవైరస్ కూడా వాటి ముందు పెద్దగా చేయగలిగింది లేదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సూచనల్లో చాలాసార్లు మొదటి మాటే 'యాంటీవైరస్ ఆఫ్ చేయండి' అని ఉంటుంది. చెప్పినట్టు చేస్తే, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు (పాస్‌వర్డ్ అడగకుండానే ఖాతా తెరిచే గుర్తులు) ఎత్తుకుపోయే దొంగ ప్రోగ్రాంకి మనమే తలుపు తీసినట్టు. 'మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి' అని బ్రౌజర్‌లో వచ్చే హెచ్చరిక పచ్చి మోసం. టెన్షన్ పడకుండా ఆ ట్యాబ్ మూసేయండి, ఆ సైట్ నోటిఫికేషన్లు కూడా ఆపేయండి.

అప్‌డేట్ల విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపేసిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. అది వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ దారిన దూరడం దానికి కుదరలేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా దాని మీదే ఉన్నవాళ్లు యాంటీవైరస్ కొనడం కంటే ముందు విండోస్ 11కి మారడమో, అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోవడమో చూడాలి.

డబ్బు పెట్టడం ఎవరికి పనికొస్తుందంటే, ఇంట్లో విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ కలిపి చాలా పరికరాలుండి, అన్నిటినీ ఒకేచోట నుంచి చూసుకోవాలనుకునేవాళ్లకి. సమస్య వస్తే ఫోన్‌లో మాట్లాడే మనిషి కావాలనుకునేవాళ్లకి కూడా. మిగతావాళ్లు అదే డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనుక్కోండి. నేను ఫొటోలు, ముఖ్యమైన కాగితాల స్కాన్లు దానిలోకి కాపీ చేసి, పని అవ్వగానే కేబుల్ తీసేస్తాను. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆ డిస్క్‌లోని ఫైళ్లకీ తాళం పడుతుంది. అప్పుడప్పుడు అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి, సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూసుకుంటాను.