బోరు నీళ్లకు 15 లీటర్ల గీజర్: ట్యాంకు మీద కోపం లేదు, రాడ్డు పెట్టిన చోటు మీదే

ఈ గీజర్‌తో పేచీ ఒక్కటే. ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం రాడ్డునీ, నీళ్లు కాచే ఎలిమెంటునీ ఒకే ప్లేటుకు బిగించారు. ఆ ప్లేటు ట్యాంకు అడుగున ఉంటుంది. రాడ్డు ఎంత మిగిలిందో ఊరికే చూద్దామన్నా సరే, వైర్లు విప్పాలి, ఎలిమెంటుతో సహా ప్లేటు ఊడదీయాలి, కొత్త వాషరు వేసి మళ్లీ బిగించాలి. రాడ్డుకు విడిగా ఒక బోల్టు ఇచ్చి ఉంటే, నీళ్లు దించడం తప్పకపోయినా, మిగతాదంతా పానాతో అయిపోయేది. అంత ఖరీదు పెట్టించుకుని ఆ ఒక్క బోల్టు దగ్గర పిసినారితనమేమిటో!

15 లీటర్లు, 2 కిలోవాట్లు, గ్లాస్‌లైన్డ్ (లోపల గాజు పూత పూసిన) ట్యాంకు, 5 స్టార్లు, 8 బార్ల ప్రెషర్. పాతది అడుగున చిల్లుపడి కారడంతో దాని స్థానంలో వచ్చింది. ఐదో ఏడు నడుస్తోంది. నీళ్లు హైదరాబాద్ శివార్లలో సబ్బు నురగ రాని, పప్పు ఉడకని బోరు నీళ్లే. కొత్తది పాతదాని కొక్కేలకే తగిలించుకోవచ్చనుకునే వాళ్లకు ఒక మాట: లీటర్లు అవే అయినా స్టార్లు ఎక్కువున్న గీజర్లకు లోపలి ఫోమ్ మందంగా ఉండి, ఒళ్లు లావుగా ఉంటుంది. కొనేముందు గోడ మీద చోటు, పైపుల మధ్య దూరం టేపుతో కొలవాలి.

మొదటి రెండేళ్లూ వంక పెట్టడానికేం లేదు. పొద్దున కాగిన నీళ్లు సాయంత్రానికీ వెచ్చగా ఉండటం చూసి 5 స్టార్లకు పెట్టిన డబ్బు గిట్టుబాటైందనిపించింది. అది పూర్తిగా నిజం కాదు. స్టార్లు చెప్పేది, వాడకుండా వేడిగా ఉంచితే 24 గంటల్లో ఎంత కరెంటు వృథా అవుతుందో మాత్రమే. స్నానానికి అరగంట ముందు స్విచ్ వేసి, అవగానే ఆపేసే ఇంట్లో 3 స్టార్లకూ 5 స్టార్లకూ బిల్లులో పెద్ద తేడా కనపడదు. రోజంతా ఆన్‌లో ఉంచే వాళ్లకే అది లాభం. ముందున్న డిజిటల్ అంకెలు కూడా మొదట్లో ముచ్చటగానే ఉన్నాయి. అవి చూపేది సెన్సర్ దగ్గరి వేడిని. ట్యాంకు మొత్తానిది కాదని తర్వాత తెలిసొచ్చింది.

మూడో చలికాలంలో తేడా మొదలైంది. ముందు చప్పుడు. స్విచ్ వేసిన కాసేపటికి లోపల పటపటమనడం. ఎలిమెంటు మీద గట్టిపడిన సున్నపు పొర కింద నీళ్లు చిక్కి, ఆవిరై పగలడం వల్ల వచ్చే చప్పుడది. తర్వాత లైటు తొందరగా ఆరిపోసాగింది. 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి రావాలంటే 2 కిలోవాట్ల ఎలిమెంటుకు 18 నిమిషాలు పట్టాలి. ఇది ఎనిమిది, తొమ్మిది నిమిషాలకే ఆగిపోయి, కుళాయిలో గోరువెచ్చని నీళ్లు వదిలేది. ఎలిమెంటుకూ, నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ గొట్టానికీ మధ్య సున్నం వంతెన కట్టేస్తే, నీళ్ల వేడి కాకుండా ఎలిమెంటు వేడే థర్మోస్టాట్‌కు తగులుతుంది. అది పాడైందని కొత్తది వేసి డబ్బు తీసుకునే మెకానిక్కులు బోలెడు మంది. వేసినా మళ్లీ అదే కథ.

చివరికి ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే ఆగే స్విచ్, పడిపోవడం మొదలైంది. గీజర్ ఆఫ్ చేస్తే నిలబడుతుంది, వేస్తే పడిపోతుంది. 2 కిలోవాట్ల ఎలిమెంటు రెండు కొసల మధ్య మల్టీమీటరు 26 ఓమ్‌లు చూపాలి. ఇక్కడా అంతే చూపింది. అంటే కాయిల్ తెగలేదు. ఎలిమెంటు పై గొట్టం పగిలి, కాయిల్ చుట్టూ ఉండే ఇన్సులేషన్ పొడిలోకి తడి చేరింది. కొసకూ బాడీకీ మధ్య మల్టీమీటరు దీన్ని ఒక్కోసారి పట్టుకోలేదు, ఇన్సులేషన్ పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్ పెట్టాలి. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ఇదే జరిగితే, కరెంటు మరీ ఎక్కువ లాగితేనే పడే ఎంసీబీ పలకదు. ఎర్తింగ్ కూడా సరిగా లేకపోతే కరెంటు నీళ్లతోనే వస్తుంది. గీజర్ ఏదైనా కొనండి, ఆర్‌సీసీబీ లేకుండా మాత్రం బిగించొద్దు.

విప్పడం ఇలా. ఎంసీబీ దించాలి. గీజర్‌కు చన్నీళ్లు వదిలే యాంగిల్ కాక్ కట్టేసి వేడినీళ్ల కుళాయి తెరవాలి, లోపలికి గాలి పోవడానికి. బయటికి వచ్చే పైపు కొస ట్యాంకు పైభాగాన ఉంటుంది కాబట్టి కుళాయి తిప్పితే ట్యాంకు ఖాళీ కాదు. చన్నీళ్ల వైపున్న సేఫ్టీ వాల్వ్ మీట ఎత్తి నీళ్లు దించాలి. అది సున్నంతో పూడిపోయి ఉంటే ఇన్‌లెట్ పైపే విప్పి బకెట్ పెట్టాలి. అడుగు మూత తీసి, వైర్లు ఫొటో తీసుకుని విప్పాలి. ప్లేటు బోల్టులు ఆఖరిది తీసేటప్పుడు ఒక చెయ్యి కింద ఉండాలి, దాంతో పాటు పెంకులు పెంకులుగా సున్నం రాలుతుంది.

ప్లేటు దిగాక చూస్తే ఎలిమెంటు వంపుల మధ్య ఖాళీ లేదు, అంతా తెల్లటి ముద్ద. పక్కన రాడ్డు అసలు రాడ్డే కాదు. కొత్తది బొటనవేలంత లావున నున్నగా ఉంటుంది. ఇది ఎలుకలు కొరికిన చెరకు ముక్కలా మొదలు దగ్గర కాస్త మిగిలి, తక్కినదంతా ఉత్త ఇనుప ఊచ. గ్లాస్ పూతలో సన్నని రంధ్రాలు ఉండనే ఉంటాయి. అక్కడ ఉక్కుకు బదులు మెగ్నీషియం కరిగిపోవడమే రాడ్డు పని. అది అయిపోయిన రోజు నుంచి ట్యాంకు కరగడం మొదలు. పూత మీద ఇంకా మచ్చ పడకపోవడం ఒక్కటే అదృష్టం. ట్యాంకు వారంటీ 7 ఏళ్లని అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉంది. రాడ్డు అరిగిపోయే సామాను కింద వారంటీలో లేదని కార్డులో చిన్న అక్షరాల్లో ఉంది.

ఎలిమెంటు గొట్టం పగిలిపోయింది కాబట్టి కొత్తదే వేయాలి. పగలకపోతే లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వైర్ల కొసలు తడవకుండా గంటసేపు ముంచితే పొర మెత్తబడి ఊడుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ జోలికి పోవద్దు, గొట్టాన్నే తినేస్తుంది. పాత వాషరు మళ్లీ వేస్తే కారుతుంది. బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. నీళ్లు నిండి కుళాయిలో ఎడతెగని ధార వచ్చాకే స్విచ్. ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది.

సున్నం పడితే కరెంటు బిల్లు పెరుగుతుందని అందరూ అంటారు గానీ, నీళ్లలో మునిగిన ఎలిమెంటు వేడి ఆ నీళ్లలోకి కాక ఎక్కడికి పోతుంది? పెరిగేది ఎలిమెంటు వేడి, తగ్గేది దాని ఆయుష్షు. టీడీఎస్ మీటరుతో నీళ్లు పరీక్షించి చూపించే వాళ్లనూ నమ్మొద్దు. అది చెప్పేది కరిగిన లవణాలన్నిటి లెక్క. మీకు కావాల్సింది కఠినత్వం, అంటే సున్నం కట్టించే ఖనిజాల లెక్క, చుక్కల మందు కిట్‌తోనో ల్యాబ్‌లోనో తేలేది. తాగునీటిలో కఠినత్వానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) చెప్పిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే గతి లేనప్పుడు 600.

60 డిగ్రీలు దాటితే సున్నం జోరుగా పడుతుంది. అందుకే ఇప్పుడు 55 దగ్గర పెట్టి నడుస్తోంది, చప్పుడు లేదు. దానికి మూల్యం ఉంది. 15 లీటర్లను 75కి కాస్తే, 25 డిగ్రీల చన్నీళ్లు కలిపి 42 డిగ్రీల స్నానం నీళ్లు లెక్కకు 44 లీటర్లు వస్తాయి. 55కి కాస్తే 26 మాత్రమే. 25 లీటర్ల గీజర్‌ను 55కి కాస్తే మళ్లీ 44. బోరు నీళ్లకు పెద్ద ట్యాంకు, తక్కువ వేడి అనే లెక్క ఇందులోంచే వచ్చింది.

బోరు కాకుండా నగరానికి సరఫరా అయ్యే మంజీరా నది నీళ్లు వచ్చే ఇంటికి ఇదే మోడల్ నిక్షేపంలా సరిపోతుంది, మూడో ఏడు ఒకసారి రాడ్డు చూపించుకుంటే చాలు. ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ ఉన్న ఇంట్లో ఎలిమెంటుకు సుఖమే గానీ, రాడ్డు ఇంకా తొందరగా కరుగుతుంది, ఏడాదికోసారి చూడాలి. అద్దె ఇంట్లో ఒకరిద్దరికి 3 లీటర్లది చాలు. బోరు నీళ్లే గతి అయిన నలుగురి ఇంటికి, గోడ మీద చోటుంటే, 25 లీటర్లది. అదీ కొట్టువాడి చేత అడుగు మూత విప్పించి, రాడ్డు విడిగా ఊడుతుందో లేదో చూసుకున్నాక.