ఒకే సర్వర్‌పై పలు ఐపీ అడ్రస్‌లు: దీర్ఘకాల వాడకం తరువాత

ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్, అపాచీ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లతో నడిచే ఒక అద్దె వీపీఎస్‌లో (వర్చువల్ సర్వర్‌లో) కళాశాల, చీరల దుకాణం, మందుల పంపిణీ సంస్థ మొదలైన ఖాతాదారుల వెబ్‌సైట్లను ఒక్కోదానికి ఒక్కో ఐపీ అడ్రస్ (నెట్‌లో యంత్రాన్ని చేరేందుకు వాడే సంఖ్య) కేటాయించి చాలా ఏళ్లు నడిపాను. ఆ రోజుల్లో అందుకు తగిన కారణమే ఉండేది: సురక్షిత వెబ్ అనుసంధానమైన హెచ్‌టీటీపీఎస్‌లో ఏ సైటు కావాలో బ్రౌజర్ చెప్పకముందే సర్వర్ ఆ సైటు గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్ చూపవలసి వచ్చేది కనుక, ఐపీకి ఒక సర్టిఫికెట్ అన్నదే ఆచరణ. ఈ చిక్కు విప్పే ఎస్ఎన్ఐ (కావలసిన సైటు పేరును బ్రౌజర్ ముందే చెప్పే పద్ధతి) 2003లోనే ప్రమాణంగా వచ్చినా, విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది చివరిదాకా పట్టుబడలేదు. 2014లో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసి, ఆ యంత్రాలు మూలకు చేరాక ఈ కారణం చెల్లిపోయింది.

సర్టిఫికెట్ కోసమే అయితే ఇప్పుడు రెండో ఐపీ దండగ. అయినా అన్నింటినీ వదులుకోకపోవడానికి ముఖ్య కారణం మెయిల్. వెబ్‌సైటు ఏ ఐపీ మీద ఉన్నా, ప్రత్యేకంగా అమర్చకపోతే బయటికి వెళ్లే మెయిల్ ప్రధాన ఐపీ నుంచే వెళుతుంది. ప్రవేశాల కాలంలో కళాశాల ఒకేసారి పంపిన ప్రకటనల వల్ల ఆ ఐపీ స్పామ్ పంపేవాటి బ్లాక్‌లిస్టులో పడి, ఏ పాపం ఎరుగని చీరల దుకాణం బిల్లులు కూడా తిరిగి రావడం మొదలైంది. మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో పంపేవారి డొమైన్‌ను బట్టి కళాశాలకు విడి ట్రాన్స్‌పోర్ట్ (పంపే మార్గం) ఏర్పరచి, దానికి వేరే ఐపీని జతచేసి, రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ ఏ పేరుదో చెప్పే నమోదు), హెలో పేరు (పంపే సర్వర్ తనను పరిచయం చేసుకునే పేరు), ఎస్‌పీఎఫ్ (డొమైన్ తరఫున మెయిల్ పంపగల ఐపీల జాబితా) మూడూ దానితో పొసిగేలా సరిచేశాకే దుకాణం కుదుటపడింది. (రివర్స్ డీఎన్ఎస్ మార్పు కోసం టికెట్ పెట్టి రోజుల తరబడి ఎదురుచూడవలసి రావడం నా ప్రొవైడర్ ప్రత్యేకత.) మందుల సంస్థకూ విడి ఐపీ ఉంచాను, ఎందుకంటే దాని ఆర్డర్లు అందుకునే అవతలివారి ఏపీఐ (ప్రోగ్రాములు పరస్పరం మాట్లాడుకునే మార్గం) ముందుగా నమోదైన అడ్రస్ నుంచి వచ్చే అభ్యర్థనలనే అనుమతిస్తుంది.

నిర్వహణలో జాగ్రత్త అవసరం. అపాచీ ముందు ఐపీని చూస్తుంది, ఆ తరువాతే సైటు పేరును. ఒక ఐపీ పేరిట వర్చువల్ హోస్ట్ (ఒక సైటుకు సంబంధించిన అమరిక) రాశామంటే, ఆ ఐపీ, పోర్టులకు వచ్చే అభ్యర్థనల విషయంలో ‘ఏ ఐపీ అయినా’ అనే నక్షత్రం గుర్తుతో రాసినవి లెక్కలోకి రావు. ఒక సహోద్యోగి కొత్త హోటల్ సైటును అలా నక్షత్రంతో చేర్చినప్పుడు, దాన్ని తెరిచినవారికి కళాశాల సర్టిఫికెట్‌తో హెచ్చరిక కనిపించింది. అపాచీని నియంత్రించే అపాచీసీటీఎల్ కమాండ్‌ను పెద్ద ఎస్ (-S) ఆప్షన్‌తో నడిపితే ఏ ఐపీ కింద ఏ పేరుందో ఒక్క చూపులో తెలుస్తుంది.

విడి ఐపీ ఉంటే విడి రక్షణ ఉన్నట్లేనని ఖాతాదారులు నమ్ముతారు. కానీ మెమరీ, డిస్క్, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) అన్నీ ఉమ్మడివే. ఒక సైటు పీహెచ్‌పీ ప్రోగ్రామ్ మెమరీనంతా మింగేసి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఆగిపోతే అన్నీ కలిసే పడిపోతాయి.

ఖర్చు కూడా మునుపటిలా లేదు. ఐపీవీ4 (ఐపీ అడ్రస్‌ల పాత రకం)లో, ప్రపంచవ్యాప్తంగా అడ్రస్‌లు పంచే ఐయానా సంస్థ వద్ద కేటాయించని నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అమెజాన్ 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4కూ గంటకు 0.005 డాలర్లు, అంటే నెలకు 3.6 డాలర్ల చొప్పున వసూలు చేస్తోంది. ఇప్పుడు ఎవరైనా విడి ఐపీ అడిగితే, మెయిల్ ఎంత పంపుతారో, అవతలివారి వద్ద ఐపీ నమోదు నిబంధన ఉందో లేదో కనుక్కుంటున్నాను. రెండూ లేకుంటే ఉమ్మడి ఐపీలోనే చేరుస్తున్నాను.