కాలువ గ్రాఫ్ మీద సూత్రం: మ్యాథ్‌టెక్స్టా, లేటెకా?

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల్లో నీటి వేగం లెక్కకట్టి గ్రాఫ్ గీసే సివిల్ విద్యార్థికి మ్యానింగ్ సూత్రం తప్పదు. వేగం అంటే ఒకటి బై ఎన్, ఆర్ ఘాతం 2/3, ఎస్ ఘాతం 1/2, ఈ మూడింటి లబ్ధం (ఎన్ కాలువ గరుకుతనం, ఆర్ హైడ్రాలిక్ వ్యాసార్థం, ఎస్ వాలు). దీన్ని పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో, గ్రాఫ్ మీద రాయడానికి రెండు దారులున్నాయి.

మొదటిది మ్యాథ్‌టెక్స్ట్. ఇది మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తోనే వస్తుంది, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. రెండు డాలర్ గుర్తుల మధ్య సూత్రం రాస్తే చాలు. భిన్నాలు, ఘాతాలు, వర్గమూలాలు, గ్రీకు అక్షరాలు అన్నీ వస్తాయి. సూత్రం ఉన్న స్ట్రింగ్ (కోట్స్ మధ్య రాసే పాఠం) ముందు r అక్షరం పెట్టడం మాత్రం మరవకండి. లేకపోతే సూత్రంలోని ఆదేశాల ముందుండే బ్యాక్‌స్లాష్‌ను పైథాన్ తన లెక్కలో చదువుకుని, సూత్రాన్ని చెడగొడుతుంది. నేనొకసారి దీనికే సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

రెండోది సూత్రాలు, పత్రాలు అచ్చువేసే సాఫ్ట్‌వేర్ అయిన అసలు లేటెక్‌నే పిలవడం. యూజ్‌టెక్స్ సెట్టింగ్ ఆన్ చేయాలి, కంప్యూటర్లో లేటెక్ ఉండాలి, పీఎన్‌జీ బొమ్మలకైతే లేటెక్ ఫలితాన్ని బొమ్మగా మార్చే డీవీఐపీఎన్‌జీ కూడా. లేటెక్‌ను ప్యాకేజీలన్నిటితో ఇచ్చే టెక్ లైవ్ పూర్తిగా అంటే కొన్ని జీబీలు. మొబైల్ హాట్‌స్పాట్ మీద బతికే హాస్టల్ గదిలో అదో టెన్షన్. పైగా నెమ్మది. కానీ మ్యాట్రిక్స్ వేయాలంటే మ్యాథ్‌టెక్స్ట్ చేతులెత్తేస్తుంది, ఇది ఏఎంఎస్‌మ్యాథ్ ప్యాకేజీతో వేస్తుంది. థీసిస్ కూడా లేటెక్‌లోనే ఉంటే అక్షరాలు అచ్చంగా కలిసిపోతాయి.

ఫాంట్ ఒక్కటే బాధైతే, మ్యాథ్‌టెక్స్ట్‌లోనే ఫాంట్‌సెట్‌ను స్టిక్స్ లేదా సీఎం (లేటెక్ వాడే కంప్యూటర్ మోడర్న్)కి మార్చి చూడండి. నా రిపోర్టులన్నీ దానితోనే గడిచిపోతున్నాయి.